గోనె కప్పిన గులాబీ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరులో నేను సింగపూర్ వచ్చిపడ్డ రోజులు. సెంబవాంగ్‌లో మా పక్క ఫ్లాట్ హైదరాబాద్ ఆంటీ, డిసెంబరు రాగానే కారిడార్‌లో కుండీలోని గులాబీకి చలికాలపు ఏర్పాట్లు మొదలుపెట్టేవారు. కొమ్మలు కత్తిరించి, మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, గోనెసంచీ చుట్టి పురికొసతో కట్టేవారు. మేమేమో ఉక్కపోతకు ఫ్యాన్ కింద నుంచి కదిలేవాళ్ళం కాదు.

"హియర్ నో వింటర్ లా, అమ్మీ!" అని వాళ్ళమ్మాయి సింగపూర్ ఇంగ్లీషులో నవ్వేది. ఆంటీ ఇంకో ముడి వేసేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"కెనడాల మంచు పడకముందే నా గులాబీలన్నీ గిట్లనే కట్టిన బేటా. అంతల్నే మీ అంకుల్‌కు ఇక్కడ జాబ్ వచ్చింది. మంచు కరిగినంక, ఆ ఇంట్లకొచ్చినోళ్ళు విప్పిండ్రో లేదో!"

అప్పటినుంచి ఆవిడ కట్టడం కన్నా విప్పడం చూడాలని నాకు ఆత్రంగా ఉండేది. కొన్ని వారాలకు సంచీ తీసి, కొమ్మను గోటితో గీరి, లోపల పచ్చదనం కనబడగానే "ఉన్నది" అనేవారు. అంతే.

తర్వాత అంకుల్ ఉద్యోగం దుబాయ్‌కి మారింది. వెళ్ళేరోజు ఆంటీ ఆ కుండీని నా గుమ్మం ముందు పెట్టారు. అదీ డిసెంబరే. కొమ్మలు కత్తిరించే ఉన్నాయి.

గోనె మాత్రం కట్టలేదు.