కార్డుల మీది గీత

ఆ రోజుల్ల ప్రోగ్రాంను లైనుకొకటిగ చిల్లులు కొట్టి కంప్యూటర్‌కిచ్చే కార్డుల కట్ట అంచు మీద నా రూమ్మేట్ పెన్సిల్‌తో ఏటవాలుగ ఒక గీత గీసేటోడు. చెయ్యి జారి చెదిరినా, ఆ గీత చూసి మళ్ల వరుసగ పేర్చుకోవచ్చు.

వరంగల్ కాలేజీల మేమంతా సైన్సు లెక్కల కంప్యూటర్ భాష ఫోర్ట్రాన్ నేర్చుకుంటే, బట్టల షావుకారి కొడుకు వాడొక్కడే కోబాల్ పట్టిండు. "అది పద్దుల భాషరా" అని నవ్వినం.

"పద్దుల్లేని ఆఫీసు ఉంటదారా?" అన్నడు.

మార్కులు నాకే ఎక్కువ. కానీ ఆఫీసులన్నీ కోబాల్ వచ్చినోళ్లనే అడిగినయ్. వానికి హైదరాబాద్‌ల కొలువు, నా జీతానికి రెండింతల జీతం. నేను అదే కాలేజీ ల్యాబ్‌ల మిగిలిపోయిన.

ఒకనాడు కొత్త స్కూటర్ మీద వచ్చిండు. మాట్లాడుకుంటనే నా కార్డుల మీద గీత గీసి, "ఇగ పడ్డా ఫికర్ లేదు" అన్నడు.

వాని స్కూటర్ గేటు దాటకముందే రబ్బరు పట్టుకొని ఆ గీతను రుద్దుడు మొదలుపెట్టిన.