రెండో బల్బు

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవరు. అరవైల్లో కొడవలూరు దగ్గర ఒక పల్లె హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన నాటి నుంచి ఈ రెండు ముక్కలూ ఏటా చెప్పేదాన్ని. పిల్లలు బట్టీ పట్టేవారు. నిజం చెప్పాలంటే నేనూ బట్టీ పట్టినదాన్నే. వాటితో ఇంట్లో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. నెల్లూరు ఆసుపత్రిలో కొంతకాలం ఉంచుకుని, పాలు తాగుతోంది కదా, ఇక తీసుకుపొమ్మన్నారు. చెక్కపెట్టెలో పడుకోబెట్టి, కాళ్ల వైపు అరవై వాట్ల బల్బు వెలిగించి, బల్బుకూ బిడ్డకూ మధ్య ఇనుప జాలీ అడ్డం పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. పాదాలు చల్లబడితే ప్రమాదం, ఒళ్లు కాలిపోయినా ప్రమాదమే అంది. మా ఆయన పెట్టె చేయించి తెచ్చాడు. ఆయన నెల్లూరులో ఒక కాలేజీ లాబులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ మా అత్తగారూ.

పెట్టె వచ్చిన మర్నాడే పొద్దున పాప పాదాలు చల్లగా తగిలాయి. చూస్తే బల్బు ఎర్రగా, ప్రాణం లేనట్టు వెలుగుతోంది. మా ఇంటి వెనక మడికి నీళ్లు పెట్టే మోటరు వేస్తే మా లైను మొత్తం అలా నీరసపడేది. అన్నాళ్లూ విసుక్కుని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకుంటే బిడ్డ దక్కదు. మోటరు ఆపమని రైతును అడగలేం. వరి పొట్ట మీదుంది, అది ఆయన బిడ్డ.

వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెడుతూ ఆ వారం నెట్టుకొచ్చాం. నా ఉత్తరం చూసుకుని ఆదివారం మా ఆయన లాబులో అడిగి వోల్టుమీటరూ అమ్మీటరూ తెచ్చాడు. మోటరు లేనప్పుడు రెండువందల ముప్ఫై వోల్టులు, పావు ఆంపియరు పైచిలుకు. నిరోధం తొమ్మిదివందల ఓముల లోపు. మోటరు వేశాక వోల్టేజి నూటయాభైకి పడిపోయింది. నిరోధం అదే కదా అని, అమ్మీటరు చూడకముందే పవరు పాతిక వాట్లని తేల్చేశాను. అమ్మీటరు ఒప్పుకోలేదు. ఆంపియరులో ఐదో వంతు చూపించింది, అంటే ముప్ఫై వాట్లు. తీగ వేడి తగ్గితే నిరోధం కూడా తగ్గుతుందని క్లాసులో చెప్పేదీ నేనే, ఇంట్లో మరిచిందీ నేనే.

"ఎట్ట చూసినా సగమే గదా," అన్నాడు మా ఆయన.

సగమే. కాబట్టి పక్కన ఇంకో అరవై వాట్ల బల్బు పెట్టి, దానికి వేరే స్విచ్చి బిగించాం. రెండు సగాలు కలిస్తే ఒకటి. చిక్కల్లా మోటరు ఆగినప్పుడే. రెండో బల్బు వెంటనే ఆర్పకపోతే నూటఇరవై వాట్లు, పెట్టె కాస్తా పొయ్యి అవుతుంది. నేను బడికి పోవాలి. ఇంటర్వెల్లులో వచ్చి పాలిచ్చి పోవడమే కానీ కాపలా కూర్చోలేను.

మోటరు చప్పుడు ఇంట్లోకి వినపడదు. దాని నీళ్లు కాలవలో పడే చప్పుడు మాత్రం బాగా వినపడేది. అది పట్టుకుని అత్తగారికి సూత్రం ఒకటి తయారుచేసి ఇచ్చాను.

"నీళ్లు పడతా ఉన్నంతసేపు రెండు బల్బులు, ఆగితే ఒకటి. మధ్యలో ఆర్పొద్దు. సొంత తెలివి వద్దత్తమ్మా," అన్నాను.

"అట్నేలేమ్మా. నీళ్లు పడితే రెండు, ఆగితే ఒకటి," అంటూ ఆమె చర్చిలో వాక్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

ఆ సూత్రం చక్కగా నడిచింది. పాప బుగ్గలు కొంచెం తేరుకున్నాయి. నాకు గర్వంగానే ఉండేది.

ఒకరోజు పొద్దున నీళ్ల చప్పుడు లేదు. వెనక మడి మోటరు కాలిపోయిందనీ, వైండింగుకు నెల్లూరు పంపారనీ విన్నాను. ఒక్క బల్బు వెలిగించి నిశ్చింతగా బడికి పోయాను. ఆ పూట పదో తరగతికి ఇదే పాఠం. బల్ల మీద బల్బు తెల్లగా, నిండుగా వెలుగుతోంది. బోర్డు మీద లెక్క వేస్తుంటే కిటికీలోంచి డబడబమని చప్పుడు మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

"ఏంది ఆ చప్పుడు?" అన్నాను.

"ఆయిలింజను టీచర్. మోటరు కాలిపోయింది గదా, మీ ఇంటెనక మడికి బాడుగకు తెచ్చినారు," అంది ముందు బెంచీ పిల్ల.

ఆయిలింజనుకు కరెంటుతో పనిలేదు. బల్బులు నిండుగానే వెలుగుతాయి, నీళ్లు మాత్రం కాలవలో పడతాయి.

చాక్‌పీసు ఎక్కడ పడేశానో తెలియదు. గట్టు మీద చెప్పులు జారిపోతే వదిలేసి పరుగెత్తాను. ఇంట్లో రెండు బల్బులూ భగభగలాడుతున్నాయి. అత్తగారు పెట్టె మీదికి వంగి, చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. రెండో బల్బు ఆర్పి పాపను ఎత్తుకున్నాను. మొహం ఎర్రబడి గుక్కపట్టి ఏడుస్తోంది. పాదాలు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి, కాలడం లేదు. అప్పటికి గానీ నాకు ఊపిరి రాలేదు. ఊపిరితో పాటు కోపమూ వచ్చింది.

"పెట్టె ఇంత కాలిపోతుంటే చెయ్యి పెట్టి చూడలేదా మీరు?" అని అరిచాను.

"పెట్టే ఉండాను గదమ్మా," అంది. "బిడ్డకు సెగ తగలతా ఉండింది. ఆర్పుదామంటే నీళ్లు పడతానే ఉండె, నువ్వు వద్దంటివి. అందుకని బల్బుకూ జాలీకీ మధ్యన అడ్డం పెట్టినాను."

చెయ్యి బయటికి తీసింది. వేళ్ల వెనక నుంచి మణికట్టు దాకా బొబ్బలు. ఎక్కువైన అరవై వాట్లు ఎక్కడికి పోయాయో నేను లెక్క కట్టనక్కర్లేదు. పొయ్యి దగ్గరే పిల్లల్ని పెంచిన మనిషి, ఎంత వేడి ఎక్కువో ఆమెకు తెలియక కాదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నేను పాపను పట్టుకుని ఏడుస్తుంటే ఆమె కాలవ వైపు చెవి పెట్టి వింది.

"నీళ్లింకా పడతా ఉండాయమ్మా. రెండోది ఎయ్యనా?" అంటూ ఆ చేత్తోనే స్విచ్చి వైపు జరిగింది.