ఎవరూ కాదనలేని మాట

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరు బస్టాండులో ఆయన కోసమే నిలబడి ఉన్నాను. ఆదోని బస్సు వచ్చి ఆగింది. పత్తి బేరగాళ్లు దిగారు, పెళ్లి బట్టల సంచులతో ఒక కుటుంబం దిగింది, చివరికి కండక్టరు కూడా టీ తాగడానికి దిగాడు. సారు దిగలేదు. చెప్పిన బస్సు తప్పే మనిషి కాదే అనుకుంటూ ఫోన్ తీస్తే, ఆయన నంబరు నుంచే మోగింది. మాట్లాడింది ఆయన కొడుకు. పొద్దున నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కుంటూ కుళాయి దగ్గరే కూలబడ్డారట, ఆస్పత్రికి తీసుకుపోతే అప్పటికే ప్రాణం లేదన్నారట. "ఈపొద్దు నీతో యాడికో రావల్ల అంటాండె గదక్కా, అందుకే మొదట నీకే సేసినా" అన్నాడు.

ఆ ప్రయాణం ఎక్కడికో చెబితే గానీ ఆయన ఎవరో మీకు తెలియదు. ఆయన ఆదోనిలో మాకు చరిత్ర చెప్పిన మాస్టారు. నేను ఇప్పుడు ఎమ్మిగనూరులో ఇంటర్ పిల్లలకు అదే చెబుతున్నాను. వానలు మొహం చాటేసిన ఏడు మా పడమటి ఊళ్ల జనం పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు పత్తికీ మిరపకూ పోతారు. దాన్నే మేము సుగ్గి అంటాం. నా క్లాసులో ఒక పిల్ల ఉంది, నందవరం అవతల ఊరు. వాళ్లమ్మ మంచాన పడితే, అమ్మకు బదులు పిల్లను మిరపకోతకు తీసుకుపోతానన్నాడు తండ్రి. పరీక్షలు దగ్గరపడ్డాయి. నాకేమీ తోచక సారుకు ఫోన్ చేశాను. ఆయన రిటైరై చాలా కాలమైంది. అయినా ఇలాంటి ఇళ్లకు నాతో వస్తూనే ఉన్నారు. "వస్తా. ఆ పిల్ల రాసిన వాక్యం మాత్రం మర్సిపోకుండా తీసుకురా" అన్నారు. నేను విన్న చివరి మాట అదే.

వాక్యం సంగతి చెప్పాలి. సారు క్లాసులోకి వస్తూనే పుస్తకాలు మూయించేవారు. బల్ల మీద ఏదో ఒక పాత కాగితం పెట్టేవారు. పెళ్లి పత్రిక, మార్కెట్ యార్డు చీటీ, చిరిగిన రేషన్ కార్డు, ఏదైనా సరే. దాన్ని చూసి ఒకే ఒక్క వాక్యం రాయాలి. ఆయన దాన్ని "నీ మాట" అనేవారు. రాసే ముందు మూడు సంగతులు అడుక్కోవాలి: ఎవరు రాసినారు, ఎవరి కోసం రాసినారు, రాయకుండా వదిలేసింది ఏమి. మేము గబగబా రాసి చూపిస్తే ఆయన చదివి, తలెత్తకుండానే "కాదు" అనేవారు. అప్పుడు మేము కాగితం మీద వేలు పెట్టి, ఇదిగో సార్, ఇక్కడుంది అని చూపించాలి. వేలు పెట్టే చోటు దొరక్కపోతే వాక్యం కొట్టేయాలి. అందరూ తలూపే వాక్యమైనా కొట్టేయాల్సిందే.

"ఆదోనిలో పత్తి మార్కెట్ ఉంది అంటే ఎవరు కాదంటారప్పా? అది బోర్డు మీద రాసుకునేది. ఎవరూ కాదనలేని మాట నీ మాట కాదు" అనేవారు.

ఈ "కాదు" ఇంట్లో కూడా ఆయన నోరు వదిలేది కాదు. అన్నం వడ్డించానంటే కాదు, చలిగా ఉంది స్వెట్టరు వేసుకోమంటే కాదు. ముందు కాదంటాడు, తర్వాత ఇంకొంచెం పెట్టమంటాడు అని ఆయన భార్య మా ముందే నవ్వేది. ఉగ్గాని తిన్న చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగి, తువ్వాలుతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టుకుని గానీ పాత కాగితం ముట్టేవారు కాదు. అంత చాదస్తం.

అలాంటి మనిషిని మేము ఏడిపించిన ఏడుపు ఒకటుంది. ఇళ్లలో పాత కాగితాలుంటే తెమ్మన్నారు. సగం మందిమి పాత కాగితం చినిగి, మరకపడి ఉందని సిగ్గుపడి, తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసి, తప్పులు కూడా దిద్ది తీసుకుపోయాం. ఒకమ్మాయి అయితే పెళ్లి పత్రిక మూలల్లో పసుపును తడిగుడ్డతో తుడిచేసింది. సారు ఒక్కొక్కటీ చూసి, కుర్చీలో కూలబడి తల పట్టుకున్నారు. "మురికంతా తీసేసినారు గదమ్మా. నేను సూడాలనుకున్నది ఆ మురికినే" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఒకనాడు ఆయన, నేను అంతకుముందు చదివిన మా పల్లె బడి పాత హాజరు రిజిస్టరు జిరాక్సు తెచ్చి పెట్టారు. సంక్రాంతికి ముందు నుంచి కాగితం నిండా ఆబ్సెంటు గీతలే. క్లాసులో అందరూ ఒకటే రాశారు, ఆ ఊరి పిల్లలకు చదువు మీద ఆశ లేదని. నేను మాత్రం, ఇది మా ఊరి కరువు లెక్క అని రాశాను. ఆ గీతల్లో నావీ ఉన్నాయి మరి. సారు "కాదు" అన్నారు. నాకు కోపమొచ్చింది. గీతలు ఆగిపోయిన చోట వేలు పెట్టి, "ఆశ లేకపోతే ఉగాది దాటినాక అందరం మళ్లీ ఎందుకొస్తాం సార్?" అన్నాను. ఆయన చాలాసేపు నా వేలి కిందే చూశారు. "ఇది నిలబడతాది" అన్నారు.

ఆ ఏడు మా నాయన నన్ను మళ్లీ సుగ్గికి బయలుదేరదీస్తే, సారు ఆ జిరాక్సు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. చదువు గొప్పదనం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మంచం మీద కూర్చుని, నీళ్లు తాగి, నా వాక్యం నన్నే చదవమన్నారు. మా నాయన వైపు తిరిగి, "నువ్వు 'కాదు' అనప్పా, నీ కూతురు ఏమంటాదో సూద్దాం" అన్నారు. నాయన మొహమాటంగా నవ్వి, కాదు, బడి ఎగ్గొట్టి తిరిగినోళ్లే అంతా అన్నాడు. నేను నా పేరు మీద వేలు పెట్టి వరసగా జరుపుకుంటూ పోయాను. నాయనకు చదవడం రాదు. "ఈ గీతలన్నీ నువ్వేనా?" అన్నాడు.

"నేనే నాయనా. మిరప సేనులో నీ పక్కనే ఉంటి."

మరునాడు నన్ను ఆదోని హాస్టల్లో వదిలి, వాళ్లు లారీ ఎక్కారు. ఈ రోజు నేను మీకు ఇది రాయగలుగుతున్నానంటే అందుకే.

ఫోన్ వచ్చిన రోజు నేను నందవరం పోలేదు, ఆదోని పోయాను. లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. నాతో రావడానికని ఇస్త్రీ చేయించుకున్న అంగీ చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉంది. నా చెయ్యి పట్టుకుని, "ఏం సెప్పినా కాదనే మనిసి. లే అని ఎంత పిల్సినా ఈపొద్దు కాదనలేదమ్మా" అంది. మగవాళ్లు ఆయనను మోసుకుపోయినాక కూడా అక్కడే కూర్చుండిపోయాను.

మరునాడు ఒక్కదాన్నే ఆటో ఎక్కి ఆ పిల్ల ఊరికి పోయాను. సామాను కట్టేసి ఉంది. తల్లి లోపల దగ్గుతోంది. సారు లేకుండా ఇలాంటి ఏ గడపా తొక్కి ఎరగను. ఆయన చేసినట్టే చేశాను. మంచం మీద కూర్చుని, నీళ్లు తాగి, నా క్లాసులోనూ పెట్టి రాయించే అదే పాత జిరాక్సు తీసి, పిల్లను తన వాక్యం చదవమన్నాను. లేచి నిలబడి చదివింది: "ఈ రిజిస్టరులో రాలేదని రాసినవాళ్లంతా ఎక్కడో ఒకచోట పనికి పోయినవాళ్లే."

నేను తండ్రి వైపు తిరిగాను. 'కాదు' అనన్నా, 'కాదు' అను అని లోపల మొక్కుకుంటున్నాను.

"నిజమే మేడమా" అన్నాడు.

పిల్ల వేలు కాగితం దాకా వచ్చి ఆగిపోయింది.

"నువ్వు సెప్పేదీ నిజమే, పాప సదివిందీ నిజమే. ఇద్దరం జతగా పోతేనే కూలి మేస్త్రీ పని ఇస్తాడు. వాళ్లమ్మ లేసేటట్టు లేదు. ఏం సేయమంటావో నువ్వే సెప్పు" అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. హాస్టల్ అన్నాను, తలూపాడు. పరీక్షలన్నాను, తలూపాడు. తలూపుతూనే మూటలు లారీ దగ్గరికి చేర్చాడు. వాదించడానికి నాకు ఎదురు మనిషే లేకుండా పోయాడు. సారు ఉంటే ఏం చేసేవారో ఎంత ఆలోచించినా తట్టలేదు, ఇప్పటికీ తట్టడం లేదు. లారీ కదిలేటప్పుడు ఆ పిల్ల నాకు చెయ్యి ఊపింది. ఉగాది దాటినాక తిరిగి వస్తుంది. పరీక్షలు అప్పటికి అయిపోయి ఉంటాయి.

మరునాడు పొద్దున క్లాసుకు పోయాను. హాజరు ఇప్పుడు ఫోన్‌లో వేయాలి. పేరుకు ఎదురుగా రెండే ఉంటాయి, వచ్చింది, రాలేదు. ఎక్కడికి పోయిందో రాయడానికి చోటు లేదు. వరసగా అందరి పేర్లూ నొక్కుకుంటూ వచ్చి ఆ పిల్ల పేరు దగ్గర ఆగాను. పిల్లలు నన్నే చూస్తున్నారు. చూస్తుండగానే ఫోన్ వెలుగు ఆరిపోయింది. తట్టి మళ్లీ వెలిగించాను. వెనక తలుపు దగ్గర నుంచి ఎవరైనా "కాదు" అంటారేమోనని, వేలు ఆ పేరు మీద పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను.