యాభై దాటని వాన

మా మావయ్య మంచినీళ్లు తాగే ముందు గ్లాసును కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి, నీటి అంచు చూస్తాడు. ఎవరింట్లో ఇచ్చినా అంతే. "నలక పడిందా అన్నయ్యా?" అని మా అమ్మ ఎన్నోసార్లు అడిగింది. నలక కాదు, ముప్పై ఏళ్ల అలవాటు.

ఆయన నగరపాలక సంస్థ పంపుల కేంద్రంలో వాన కొలిచే ఉద్యోగి. అందరూ వాన మాస్టారు అనేవారు. పంపుల వెనక ఖాళీ జాగాలో ఇనుప కంచె, కంచె మధ్య ఒక గరాటు, దాని కింద సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాయాలి. సీసాలో పట్టేది యాభై మిల్లీమీటర్ల వానే. పెద్ద వాన కురిసే రోజు మధ్యలో వచ్చి ఖాళీ చేసి, మళ్లీ పెట్టాలి.

మామూలు వానల్ని మావయ్య పొల్లు పోకుండా కొలిచాడు. పెద్ద వానలకు మాత్రం ఇల్లు కదల్లేదు. రోడ్డు మీద మోకాల్లోతు నీళ్లు, పైగా ఆ రిజిస్టరు తెరిచి చూసే నాథుడు లేడు. మర్నాడు వెళ్తే సీసా పొంగి ఉండేది. "పొంగింది" అని రాయాలని నియమం. అలా రాస్తే నువ్వెక్కడున్నావని అడుగుతారు. అందుకని "యాభై" అని రాసేవాడు.

ఆయన రిటైరవడానికి ఏడాది ముందు సంగతి ఇది. అప్పటికే వానల తీరు మారిపోయింది. నెల రోజులు కురవాల్సింది ఒక్క పూటలో కురిసి పోతోంది. మా ఇల్లున్న పల్లపు వీధి రెండేళ్లలో మూడుసార్లు మునిగింది. మారిన వాతావరణానికి తగ్గట్టు నగరానికి కొత్త ప్రణాళిక వేస్తున్నామని, నీళ్లు ఇంకే తోటలూ కొత్త కాలువలూ వస్తాయని నగరపాలక సంస్థవాళ్లు చెప్పారు. ఆ పని చూసే ఇంజినీరు చిన్న వయసు అమ్మాయి. రిజిస్టర్లన్నీ చదివి, మా వీధివాళ్ల సమావేశంలో పటం పరిచింది.

"పాత కాలువ పూడిపోయి మునుగుతున్నారండీ. కొత్తది రెండడుగుల వెడల్పు చాలు. ముప్పై ఏళ్లలో ఇక్కడ వాన యాభై దాటలేదు. ఒక్క రోజు మానకుండా కొలిచిన మాస్టారికి చప్పట్లు కొట్టండి."

మా అమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. "మా అన్నయ్యేనండీ!" అని పక్కావిడకు చెప్పింది.

వీధి మొదట్లో ఉండే టైలరు నవ్వాడు. "ఏం మాస్టారూ, వాన కూడా మీకు భయపడి యాభై దగ్గర ఆగిపోయేదన్నమాట!"

అందరూ నవ్వారు. మావయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికెళ్లి, ఇంజినీరుకు నిజం చెప్పేస్తానని అత్తయ్యతో అన్నాడు.

"ఇన్నేళ్లు లేని నిజాయితీ ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడిందండీ? ఒక్క ఏడాది కళ్లు మూసుకుంటే పోయేదానికి!"

"నా ఉద్యోగం ఏడాదేనే. కాలువ మన తర్వాత కూడా ఉంటుంది. మా చెల్లెలి గుమ్మం ముందు."



మర్నాడు ఇంజినీరు ముందు నిలబడి అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. రిజిస్టర్లు ముందుకు జరిపి, ఎర్ర పెన్సిలు చేతికిచ్చింది.

"ఏవేవి అబద్ధమో సున్నా చుట్టండి సార్."

తిట్టినా బాగుండేదని తర్వాత నాతో అన్నాడు. రెండు రోజులు కూర్చుని డెబ్బై మూడు సున్నాలు చుట్టాడు.

"మరి అసలు వాన ఎంతో ఎలా తెలుస్తుంది?" అందామె. ఇళ్ల గోడల మీద నీటి చారలుంటాయని మావయ్యే చెప్పాడు. వాటిని కొలిచే పనీ ఆయన మీదే పడింది.

టేపు పట్టుకుని మా వీధిలో గుమ్మం గుమ్మం ఎక్కాడు.

"అదేంటి మాస్టారూ, వాన లెక్క మీ దగ్గరే ఉందిగా?" అన్నాడు టైలరు.

"ఉంది. సరిగ్గా లేదు."

"అంటే?"

"నేను కొలవలేదు."

టైలరు ఈసారి నవ్వలేదు. కుట్టు మిషను పక్కకు జరిపి, వెనక గోడ చూపించాడు. ఇరవై రెండు ఇళ్లలో ఇదే మాట చెప్పాల్సి వచ్చింది.

మా ఇల్లు చివరిది. ఆయనకంటే ముందే కబురు మా గుమ్మం ఎక్కింది. అమ్మ బీరువా జరిపి, వెనక సున్నం వేయని గోడ చూపించింది. నేను ఏడాది పిల్లగా ఉన్నప్పటి చార, ఇప్పుడు నా నడుం దాకా ఉంది.

"ఈ పిల్లని ఎత్తుకుని మంచం మీద నిలబడ్డాను అన్నయ్యా. నువ్వు పంపుల దగ్గర ఎంత తడుస్తున్నావో అని ఒకటే దిగులు. ఇంతకీ ఆ రోజు ఎక్కడున్నావు?"

మావయ్య టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్లోనే. దుప్పటి కప్పుకుని పడుకున్నాను."

అమ్మ బీరువాను వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి వేయబోతే, "వద్దులే" అంది.

కాలువ ఐదడుగుల వెడల్పున తవ్వారు. మావయ్యకు ఒక మెమో వచ్చింది. తర్వాత మామూలుగానే రిటైరయ్యాడు. ఇప్పుడాయనకు అరవై మూడేళ్లు. నెలకోసారి మా ఇంటికి వస్తాడు. వీధిలోంచి కాదు, వెనక సందులోంచి.