జవాన్ హోటల్లో చాయ్ డ్యూటీ

హవల్దార్ మహాదేవప్పకు ఒకటే పిచ్చి. తన హోటల్లో ఏ మనిషీ ఒకే పని వరుసగా రెండు రోజులు చేయకూడదు. ఈరోజు చాయ్ కాచినవాడు రేపు కప్పులు కడగాలి. కప్పులు కడిగినవాడు ఎల్లుండి బల్లల దగ్గర నిలబడాలి. చాయ్ ఎట్లా ఉంటుందన్నది గిరాకీ అదృష్టం.

డెబ్బయ్యొకటి యుద్ధం నుంచి కాలులో ఇనుపముక్కతో, చేతిలో పింఛనుతో జహీరాబాద్‌కు తిరిగొచ్చాడాయన. బొంబాయి రోడ్డు మీద అల్లం లారీలు ఆగేచోట రేకుల షెడ్డు వేసి, జవాన్ హోటల్ అని బోర్డు పెట్టాడు. ఇక పటాలం కావాలి.

మొదట వచ్చినవాడు ఇనాయత్. పట్నంలో ఇరానీ హోటల్లో చేయి తిరిగిన చాయ్ మాస్టర్.

"పరుగెత్తుతవా?" అన్నాడు హవల్దార్.

"చాయ్ కాస్త సాబ్."

"అది అడగలే. పరుగెత్తుతవా?"

ఇనాయత్ కోహీర్ రోడ్డు దాకా ఉరికి, ఒక చెప్పు పోగొట్టుకుని, నౌకరీ సంపాదించాడు. రెండోవాడు రామ్‌కిషన్, భారీ మనిషి. "నేను ఉరకను సాబ్. ఎవరన్న తరిమితే అప్పుడు చూస్త" అన్నాడు. నిజం చెప్పాడని తీసుకున్నాడు. మూడో మనిషి యాదమ్మ. మొగుడు పోయాక ఒకరి చేలలో అల్లం తవ్వి బతికే మనిషి. ఆమెను మాత్రం ఉరకమనలేదు. "మొగుడంపల్లి కెల్లి నడిచొచ్చినవు. పాస్" అన్నాడు.

పొద్దున్నే ఈల మోగేది. ముగ్గురూ పొయ్యి ముందు వరుసగా నిలబడాలి.

"ఇనాయత్!"

"హాజర్ సాబ్!"

"కప్పులు. యాదమ్మ, బల్లలు. రామ్‌కిషన్, చాయ్!"

రామ్‌కిషన్ చాయ్ అనగానే ఇనాయత్ గిరాకీ వైపు జాలిగా చూసేవాడు. ఒకసారి ఆ చాయ్ తాగిన సర్దార్ డ్రైవర్ కప్పును వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది నాకా, రేడియేటర్‌కా?" అని అడిగి పోయాడు.

ఇనాయత్‌కు ఇది ప్రాణసంకటం. కళాకారుడి చేత గోడలకు సున్నం వేయిస్తున్నట్టుండేది. ఒకరోజు తెగించి అడిగాడు.

"సాబ్, పట్నంల నా చాయ్ కోసం జనం లైన్ కట్టేటోళ్లు. నాతోని కప్పులు కడిగిస్తె ఇజ్జత్ పోదా?"

"వంట జవానుకు గుండు తగిలిందనుకో. పల్టన్ ఉపాసం ఉండాల్నా?"

"గీడ గుండ్లు ఎవరు కొడతరు సాబ్?"

"రామ్‌కిషన్ చాయ్ తాగినోళ్లు కొడతరు" అని, కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు హవల్దార్.

ఇంకెవరితో మొరపెట్టుకోవాలి? కోహీర్ పటేల్ మదన్‌మోహన్‌రావుతో మొరపెట్టుకున్నాడు. పటేల్ అల్లం లారీలన్నీ ఇక్కడే ఆగేవి. ఆ రోజు చాయ్ డ్యూటీ ఇనాయత్‌దే. పటేల్ కప్పు అందుకుని, "బాగనే ఉందిరా. గని నిన్నటి చాయ్ ముంగట ఇదేం లెక్క? గసొంటిదే కాయరాదు?" అన్నాడు.

ఇనాయత్ గుండెలో కత్తి దిగింది.

"నిన్నటిది నాది కాదు పటేలా! యాదమ్మది. జర మీరన్న సాబ్‌కు చెప్పుండ్రి, చాయ్ మీద నన్నే ఉంచుమని."

"ఏ యాదమ్మ?"

"మొగుడంపల్లి యాదమ్మ."

"ఏ వాడరా?"

ఆ ప్రశ్న విన్నాక గాని తానేం చేశాడో ఇనాయత్‌కు తెలియలేదు. జవాబు అవసరం లేకపోయింది. పటేల్ చేతిలో చాయ్ ఇనాయత్‌దే అయినా నేల మీద ఒలకబోసి లేచాడు.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల హోటళ్లలో గ్లాసులు రెండు రకాలు. కొందరివి లోపల బల్లల మీద, కొందరివి బయట చూరు కింద. చూరు కింద గ్లాసువాళ్లు తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి పోవాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు దాటినా ఆ చూరు కిందికి దూరలేదు. అటువంటి చోట ఆమె చేతి చాయ్ ఇన్నాళ్లూ లొట్టలేస్తూ తాగారంటే, పరువు పోయింది ఎవరిది?

మర్నాటి నుంచి లారీలు ఆగలేదు. హారన్ కొట్టుకుంటూ ముందుకే పోయాయి. యాదమ్మే హవల్దార్ ముందు నిలబడింది.

"నా ఒక్కదాని కోసం హోటల్ మునగొద్దు సాబ్. నన్ను కప్పుల కాడనే ఉంచుండ్రి."

మరునాడు ఈల మోగలేదు. "ఇనాయత్, చాయ్. ఇగ ఎప్పటికి" అన్నాడు హవల్దార్. ఆ గొంతులో పరేడ్ లేదు.

సంగతి కోహీర్ చేరింది, లారీలు మళ్లీ ఆగాయి. కోరుకున్నది దొరికిన సంతోషంలో ఇనాయత్ కప్పుల తొట్టి దగ్గరకు వెళ్లి, "చూసినవా అక్కా, సాబ్‌కు ఆఖరికి తెలివొచ్చింది, అకల్ వచ్చింది" అన్నాడు.

యాదమ్మ తలెత్తలేదు. "సాబ్ అకల్ నీకెన్నడు సమజయింది తమ్మీ? నన్నొక్కదాన్నే పొయ్యి కాడ నిలవెడితే ఊరు ఊకుంటదా? అందర్ని తిప్పితే ఆ తిప్పుడుల నేను గూడ పొయ్యి కాడికి పోవచ్చు. ఎవరు కాసిన్రని ఎవరడుగుతరు? నా చేతి నీళ్లు పదిమంది తాగింది ఈడనే."

ఇనాయత్ తొట్టిలోకి చూశాడు. కప్పు కడిగితే పోయిన తన ఇజ్జత్ ఎంత చిన్నదో ఆ తొట్టి నీళ్లలో కనబడింది.

మర్నాడు కుడిచేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టుకొని వచ్చాడు. "చెయ్యి కాలింది సాబ్. చాయ్ కాయలేను."

హవల్దార్ కట్టును చుట్టూ తిరిగి పరీక్షించాడు. "ఇది దెబ్బనా, దరఖాస్తా?"

"మీరేదంటే అది సాబ్."

"ఎన్నొద్దులు పడ్తది మానేటందుకు?"

"మానేటట్టు కనబడతలేదు సాబ్."

యుద్ధం నుంచి వచ్చాక హవల్దార్ పళ్లు కనబడేలా నవ్వింది ఆ పొద్దే. వెంటనే ఈల మోగింది. "యాదమ్మ, చాయ్!"

డ్యూటీలు మళ్లీ తిరిగాయి, ఈసారి ఎవరు అడిగినా దాచలేదు. పటేల్ మళ్లీ గడప తొక్కలేదు, చాలా గిరాకీ అతని వెంట పోయింది. అయితే వారానికోసారి అతని డ్రైవర్ వచ్చి, "ఇయ్యాల ఎవరి డ్యూటీ?" అని అడిగేవాడు. యాదమ్మదంటే బండిలోంచి పెద్ద ఫ్లాస్కు తీసేవాడు. ఎవరికని వీళ్లు అడగలేదు, వాడు చెప్పలేదు.

హోటల్ మాత్రం మునుపటిలా ఎన్నడూ నిండలేదు. ఖాళీ బల్ల తుడిచినప్పుడల్లా ఇనాయత్‌కు తన నోటి మాటే గుర్తొచ్చేది. ఎనభై మూడులో హవల్దార్ దవాఖానలో పడ్డప్పుడు మంచం పక్కన కూర్చుని ఆ మాట బయటపెట్టాడు.

"సాబ్, ఆ దినం పటేల్‌కు చెప్పింది నేనే."

"ఎరుకే."

"మరి నన్నెందుకు తీసెయ్యలే?"

"నిన్ను తీసేస్తె వేరేటోన్ని ఉరికియ్యాలె. నాకు ఓపిక లేకుండె" అన్నాడు హవల్దార్. ఇనాయత్ కళ్లు తుడుచుకోవాలో నవ్వాలో తేల్చుకోలేకపోయాడు. "సరె గని రాసుకో. రేపు గల్లా మీద యాదమ్మ. నా డ్యూటీ ఆమెకు."

తిరిగి రాలేదాయన. మరో ఆర్డరూ రాలేదు. యాదమ్మ గల్లా ముందు కొన్నాళ్లు నిలబడే పని చేసింది, కూర్చోమంటే వినలేదు. చివరికి రామ్‌కిషన్ ఆమె వెనక కుర్చీ జరిపి, "కూసో అక్కా, నిన్ను జూసి మేం గూడ నిలవడాల్సొస్తుంది" అంటే కూర్చుంది.

ఎప్పుడైనా కొత్త డ్రైవర్ వచ్చి, "ఓనర్ ఎవరమ్మా?" అని అడిగేవాడు.

"ఇయ్యాలటికైతె నేనే బిడ్డా" అనేది యాదమ్మ చిల్లర లెక్కపెడుతూ. "రేపటిది సాబ్ ఇంక చెప్పలే."