ఏడాదికో వారం

నేను ఊరి నడిబొడ్డు నుంచి చివరి స్టాపు దాకా తిరిగే బస్సు డ్రైవర్ని. పెద్ద పెద్ద పెట్టెలతో ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్న యాత్రికులు తరచుగా ఒకటే అడుగుతారు. "ఊరి మధ్యలో దిగడం మంచిదా, బయటెక్కడైనా ఉండి వచ్చిపోవడం మంచిదా?" అని. ఇదివరకు నా దగ్గర జవాబు నాలుక చివరే ఉండేది. "బయటే ఉండండి. గాలీ వెలుతురూ, పెద్ద గదులూ. గంటంబావులో నేనే తీసుకొచ్చి ఊళ్ళో పడేస్తాను" అనేవాణ్ణి. ఇప్పుడు రోడ్డు చూస్తూ ఊరుకుంటాను. డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు ఎలాగూ ఉంది.

ఆ జవాబు నేను మొట్టమొదట చెప్పింది మా అక్కకి. నా మాట విని చెడిపోయింది కూడా ఆవిడే. చెడిపోయింది అంటే బావ ఒప్పుకోడు. "నిక్షేపంలా ఉంది మీ అక్క. నీకే ఏదో పట్టుకుంది" అంటాడు. పట్టుకున్న మాట నిజమే.

అక్క పెట్టెలు బాగుచేసేది. పెద్ద కూడలి వెనక సందులో మూడో ఇల్లు వాళ్ళది. పైన రెండు గదులు, కింద ఒకటి. కింది గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద జిప్పుల రన్నర్లు నింపిన బిస్కెట్ల డబ్బా, ఊడిన చక్రాల బుట్ట, జిప్పుకి రాయడానికి కొవ్వొత్తి ముక్క. ఊరు చూసిపోయే జనం కొన్నవన్నీ ఒకే పెట్టెలో కుక్కుతారు, రైలుకి ముప్పావుగంట ఉందనగా జిప్పు పగులుతుంది. అప్పుడు ఎవరో అక్క కిటికీ చూపిస్తారు. అక్క తలెత్తకుండానే "రైలెన్నింటికి?" అనేది. చెప్పాక పని మొదలుపెట్టేది. తన దగ్గరికొచ్చి రైలు అందుకోలేనివాళ్ళు ఒక్కరు కూడా లేరని ఆవిడ గర్వం. ఆ గర్వం ఆవిడకి నగలకంటే ఎక్కువ.

సందులో ఉన్న పదకొండు ఇళ్ళ తాళాలూ ఆవిడ వెనక గోడకి మేకుల మీద వేలాడేవి. ఎవరు ఊరెళ్ళినా, ఎవరి పిల్ల బడి నుంచి ముందుగా వచ్చినా అక్క కిటికీ దగ్గరికే రావాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. అక్క నోరు అంత మంచిదేం కాదు, తాళాలివ్వడంతో పాటు చివాట్లు కూడా పెట్టేది. అయినా సందంతా ఆవిడదే.

బావది మ్యూజియంలో కాపలా ఉద్యోగం. ఇంటి నుంచి నాలుగు నిమిషాలు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఇరుకు మెట్ల మీద తల కొట్టుకుని, "ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం" అనేవాడు రోజూ. "మర్కటం వండింది తినడానికి మాత్రం పరుగెత్తుకొస్తారుగా" అనేది అక్క. ఈ మాటలు లేకుండా వాళ్ళకి భోజనం అరిగేది కాదు.

నా మేనకోడలు పెద్ద చదువుకొచ్చేసరికి సందులో నాలుగిళ్ళు అప్పటికే యాత్రికులకి ఇచ్చేశారు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. నేనుండేది చివరి స్టాపు దగ్గర కట్టిన కొత్త భవనంలో. నా పక్క ఫ్లాటే ఖాళీ అయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ఈ ఇల్లు యాత్రికులకిచ్చేసి మా పక్కకి వచ్చెయ్ అక్కా. ఆ అద్దెతో పిల్ల చదువైపోతుంది. మోకాళ్ళ నొప్పులన్నావు, అక్కడ లిఫ్టుంది. రెండేళ్ళే కదా."

అక్క రెండు రోజులు మిషను తొక్కుతూనే ఉంది. మూడోరోజు మిషను ఆపి, "ఏడాదికి ఒక్క వారం నాకుంచాలి. జనం రాని వారమే చూసి ఉంచండి. ఆ వారం నేను మా ఇంట్లో ఉంటాను" అంది.

"వారమేంటి, పదిరోజులుండు. నాదీ పూచీ" అన్నాను. మాటకేం పోయింది.

ఫ్లాటుకి వంక పెట్టడానికి లేదు. ఎండ వస్తుంది, నీళ్ళు ఆగవు, గదిలో నలుగురు అడ్డంగా పడుకోవచ్చు. అక్క బాల్కనీలో మిషను వేసుకుని, పెట్టెలు బాగుచేయబడునని కింద గేటుకి అట్ట కట్టింది. ఏడాదిలో ముగ్గురొచ్చారు. వచ్చినవాళ్ళు కూడా "తొందరేం లేదండీ, వచ్చే నెలలో ఇవ్వండి" అనేవాళ్ళు. ఆ మాట అక్కకి తిట్టులా వినిపించేది. చివరి స్టాపులో రైలందుకోవాల్సిన మనిషే లేడు. కొన్నాళ్ళు నా బస్సులోనే ఊళ్ళోకొచ్చి, ఒక చెప్పుల దుకాణం అరుగు మీద కూర్చుని పని చేసింది. పోను గంటంబావు, రాను గంటంబావు. మోకాళ్ళు మొరాయించాయి. మిషనుకి గుడ్డ కప్పేసింది.

ఇక ఆ వారం సంగతి. ఇల్లు అద్దెకిచ్చే తారీఖులన్నీ నా ఫోన్లోనే ఉండేవి, ఎందుకంటే బావకి ఫోన్లో వేలు పెట్టడం రాదు. ఈ పనిలో ఒక కిటుకుంది. తారీఖులు మూసిపెడితే, యాత్రికులు ఇళ్ళు వెతుక్కునే జాబితాలో మన ఇల్లు కిందికి జారిపోతుంది, మళ్ళీ పైకి రావడానికి నెలలు పడుతుంది. అందుకని నేను ఒక్క తారీఖు కూడా మూసేవాణ్ణి కాదు. ఎవరూ అడక్కపోతే ఆ వారం ఎలాగూ అక్కదే కదా అనుకునేవాణ్ణి. కానీ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. మొదటి ఏడు అడిగారు, రెండో ఏడూ అడిగారు. ఆ తర్వాత జనం రాని వారమంటూ ఈ ఊళ్ళో లేకుండా పోయింది.

"ఈ ఏడు కుదర్లేదక్కా" అనేవాణ్ణి. "సర్లే, వాళ్ళూ వద్దామని ఎప్పుడో అనుకుని ఉంటారు" అనేది. ఒక్కసారైనా కోప్పడి ఉంటే నాకు బుద్ధొచ్చేదేమో. మొదట్లో దుప్పట్లు మార్చడానికి తనే వెళ్ళేది. మడతలు హోటల్లోలా లేవని ఎవరో మహానుభావుడు ఆ జాబితాలో మన ఇంటికి తక్కువ మార్కులు వేశాడు. నేను ఆ పనికి వేరే ఆవిణ్ణి పెట్టాను. మోకాళ్ళకి విశ్రాంతి అని చెప్పాను గానీ, అసలు కారణం అక్కకి తెలుసు. అక్కడితో ఆవిడ ఆ గడప తొక్కడం ఆగిపోయింది.

రెండేళ్ళన్నది తొమ్మిదేళ్ళయింది. మేనకోడలు చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరింది, బావ రిటైరయ్యాడు. అయినా ఇల్లు వెనక్కి తీసుకుందామని ఎవరూ అనలేదు. అలవాటు పడ్డ ఆదాయాన్ని వదులుకోవడానికి ఎవరికీ నోరు రాదు. బావకి రాలేదు, నాకూ రాలేదు.

తొమ్మిదో ఏట ఎవరో రావడం మానుకోవడంతో మూడు రోజులు ఖాళీ వచ్చాయి. ఆ వార్త నేను అక్కకి కానుక ఇచ్చినట్టు చెప్పాను. తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అక్క ఆ పూటే సంచి సర్దింది. మర్నాడు పొద్దున పదింటికి అక్కనీ బావనీ నా బస్సులోనే తీసుకెళ్ళి, తలుపు పక్కన తాళం దాచే చిన్న పెట్టె మీద నంబరు నొక్కి, తాళం తీసిచ్చి డ్యూటీకి పోయాను. లోపల ఏం జరిగిందో బావ తర్వాత చెప్పాడు.

మిషను ఉండే చోట కాఫీ యంత్రం ఉంది. కిటికీ తెరిస్తే కనిపించే సందునే ఫోటో తీయించి గోడకి పెట్టించాను నేను, అందంగా ఉంటుందని. అక్క ఒక చెంచా కోసం మూడు సొరుగులు వెతికింది. గోడ మీది నియమాల కాగితం కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది. చప్పుడు చేయరాదని అందులో ఉంది. అప్పట్నుంచీ బావతో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టిందట. "మన ఇంట్లో మనకేంటే!" అని బావ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

తర్వాత సందులో రెండు వైపులా నడిచింది. పదకొండు తలుపులకీ పదకొండు నంబరు పెట్టెలు. తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. తిరిగొచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. కాసేపటికి ఎదురింట్లో దిగిన ఒక పడుచు జంట వచ్చింది. తాళం ఉన్న నంబరు పెట్టె తెరుచుకోవడం లేదని, ఎలా తీయాలో తెలుసా అని అడిగారు. అక్క చెయ్యి దానంతటదే వెనక గోడ మీదికి పోయింది. గోడ నున్నగా ఉంది.

"నాకు తెలీదమ్మా. నేనూ ఇవాళే వచ్చాను" అంది.

నాలుగింటికి డ్యూటీ మధ్యలో తొంగిచూద్దామని వెళ్ళాను. అక్క కుర్చీ అంచున, ఒళ్ళో సంచితో కూర్చుని ఉంది. మంచం మీద దుప్పటి మడత కూడా నలగలేదు.

"కాసేపు నడుం వాల్చకపోయావా అక్కా?"

"ఎందుకురా, మళ్ళీ మార్కులు తగ్గిస్తారు" అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే అంది. "నీ బస్సు ఎన్నింటికి? ఇంటికి పోదాం."

"ఇదే కదక్కా ఇల్లు" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"కాదులే" అంది, లేచి నిలబడుతూ.

సాయంత్రం బస్సులో ఇద్దరూ నా వెనక సీట్లోనే కూర్చున్నారు. ఆరో స్టాపులో బస్సు ఆగినప్పుడు నా వేలు అలవాటుగా ఫోన్లోకి పోయింది. మిగిలిన రెండు రోజులూ జాబితాలో తెరిచాను. పది నిమిషాల్లో ఎవరో తీసుకున్నారు. "బావా, ఖాళీ పోలేదు!" అని అద్దంలో చూసి నవ్వాను కూడా. బావ నవ్వలేదు. అక్క బయటికి చూస్తోంది. ఆ క్షణంలో నేను సంతోషపడ్డాను. అక్క తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన దాన్ని పది నిమిషాల్లో అమ్మేసి సంతోషపడ్డాను. నన్ను నేను క్షమించుకోలేనిది అదే.

ఆ తర్వాత నుంచి ఏటా ఆ వారం మూసే ఉంచుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకు తెలుసు. జాబితాలో కిందికి జారితే జారనీ అనుకున్నాను. అక్క మాత్రం ఆ వారం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ వారమంతా ఇల్లు ఖాళీగా ఉంటుంది, దుప్పట్లు మార్చే ఆవిడ కూడా రాదు. ఈ సంగతి అక్కకి రెండేళ్ళు చెప్పలేకపోయాను. మూడో ఏడు, మొన్న, బాల్కనీలో చెప్పాను. "నీ వారం ఉంచాను అక్కా. ఎప్పుడంటే అప్పుడు తీసుకెళ్తాను."

అక్క బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఖాళీగా ఎందుకురా, ఎవరికైనా ఇవ్వరాదూ" అంది. "పాపం, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊరి మధ్యలో నాలుగు రోజులుండాలని వాళ్ళకీ ఉంటుంది కదా."