దండ వేసే ఫొటో

నా చిన్నప్పుడే నేను సముద్రాలు దాటినవాణ్ణి. మా ఊళ్ళో ఎవరూ చూడని దేశంలో, పెద్ద హాల్లో, నా నిలువెత్తు ఫొటో గోడకెక్కింది. దొరలూ దొరసానులూ టిక్కెట్టు కొని మరీ చూశారు. ఈ సంగతి గుడివాడ బస్టాండులో చెప్పాను, పెళ్ళి భోజనాల్లో చెప్పాను, చివరికి కంటి ఆపరేషన్ బల్ల మీద కూడా చెప్పబోయాను. డాక్టరు గారు కదలొద్దన్నారు.

టిక్కెట్టు మాట నేను కలిపిందే. నిలువెత్తు సంగతి తర్వాత చూద్దాం. మిగతాదంతా నిజం.

మాది బందరు దగ్గర, సముద్రం ఒడ్డున, చేపలు పట్టి బతికేవాళ్ళ ఊరు. నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు ఓ దొరసాని మెళ్ళో కెమెరా వేసుకుని వచ్చింది. మేం రోజూ ఎలా బతుకుతామో ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి, తన దేశంలో చూపిస్తుందట. ఆమె మాటలు మాకు, మా మాటలు ఆమెకు చెప్పడానికి బందరు నుంచి ఒక మేష్టారు వెంట వచ్చారు.

కానీ ఉన్నదున్నట్టు ఫొటో దిగడం మావాళ్ళకేం తెలుసు? ఫొటో అంటే పెళ్ళినాడు బందరు స్టూడియోలో దిగేది. దొరసాని కెమెరా ఎత్తగానే, వల బాగుచేసుకునేవాళ్ళు దాన్ని అవతల పడేసి, ఊపిరి బిగబట్టి, కర్రల్లా నిలబడేవారు. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు ఇళ్ళలోకి పరుగెత్తి, పట్టుచీరలు కట్టి, పౌడరు రాసుకుని వచ్చేవారు. ఈలోగా ఎండేసిన నెత్తళ్ళను కాకులు ఎత్తుకుపోయేవి. దొరసాని తల పట్టుకునేది.

"మీ పని మీరు చేసుకోండమ్మా" అని మేష్టారు బతిమాలితే, "మనల్ని చూడ్డానికొచ్చిన మనిషిని నిలబెట్టి పని చేసుకుంటామా? ఏం మర్యాదండీ అది?" అని ఆయన్నే కసిరారు.

అలాంటి సమయంలో మా నాయనమ్మ నెత్తిన చేపల గంపతో, చీర మోకాళ్ళదాకా ఎగగట్టి, ఎవర్నో తిట్టుకుంటూ వచ్చింది. దొరసాని కళ్ళు మెరిశాయి. కెమెరా ఎత్తేలోపే నాయనమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మేష్టారూ, పుట్టి ఇన్నేళ్ళొచ్చినా నాకో ఫొటో లేదండి. రేపు నేను పోతే గోడ మీద ఉండేది ఇదొక్కటే. నెత్తిన గంపుంటే దండెక్కడేస్తారండీ?"

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. మా తాతయ్య ఫొటో లేకుండానే సముద్రంలో పోయాడు. ఏటా ఆయన పోయిన రోజున నాయనమ్మ మా గోడకున్న ఒట్టి మేకుకే దండ వేసేది. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళు చెబితే, మేష్టారు దొరసానికి మెల్లగా చెప్పారు. దొరసాని కెమెరా దించి ఇసకలో కూలబడింది.

చేపల బేరంలో మా నాయనమ్మను గెలిచినవాళ్ళు లేరు. గంప దించి, దొరసాని ఎదురుగా కూర్చుంది. "ఒకటి నా ఇష్టం, ఒకటి ఆవిడిష్టం. ముందు నాది. రెండూ నాకు పంపాలి. ఒప్పుకుంటుందేమో అడగండి."

దొరసాని ఒప్పుకుంది. నాయనమ్మ పక్కింటి అత్త పట్టుచీర కట్టుకుని, కుర్చీలో బిగుసుకుని కూర్చుని, ముందు తన ఫొటో దిగింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే పాత చీర కట్టుకొచ్చి, "ఇప్పుడు తీసుకోమనండి, ఎన్ని తీసుకుంటుందో!" అని పకపకా నవ్వుతూ గంప నెత్తికెత్తుకుంది. అది చూసి ఊరంతా అదే బేరం పెట్టింది. దొరసాని చాలా రోజులు ఉండిపోవాల్సొచ్చింది.

కొన్నాళ్ళకి ఫొటోలు పోస్టులో వచ్చాయి. గంప ఫొటో అక్కడ పెద్ద హాల్లో గోడకెక్కిందని వెంట ఉత్తరం కూడా వచ్చింది. పట్టుచీర ఫొటోలో నాయనమ్మ పన్ను పీకించుకోడానికి కూర్చున్నట్టుంది. అయినా మురిసిపోయి, దండ దీనికే వెయ్యాలంది. గంప ఫొటోను మాత్రం చాలాసేపు చూసి, తీసుకెళ్ళి తాతయ్య మేకుకి తగిలించింది.

"ఆయనకి తెలిసిన మనిషి ఇదేరా" అంది.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒడ్డుకి షికారొచ్చినవాళ్ళు వల లాగేవాళ్ళ ముఖాల్లో ఫోను పెట్టి ఫొటోలు తీసుకుపోతారు. నేను మాత్రం ఎవర్ని తీయాలన్నా ముందు "ఎలా దిగుతావు?" అని అడుగుతాను. వాళ్ళు జుట్టు దువ్వుకునేదాకా ఆగుతాను. మా మనవరాలు విసుక్కుంటుంది. విసుక్కోనీ.

ఇక నా నిలువెత్తు ఫొటో. గంప ఫొటోలో ఒక అంచున, గంప ఎత్తడానికి సాయం పట్టిన చిన్న చెయ్యి ఒకటుంది. సముద్రాలు దాటింది ఆ చెయ్యే. నాది.

ఇంతవరకూ రాసి మా అక్కకి చదివి వినిపించాను. అక్క కళ్ళజోడు తుడుచుకుంది.

"ఆ చేతికి గాజులున్నాయి, కనపళ్ళేదంట్రా నీకు? అది నా చెయ్యి. నువ్వప్పుడు దొరసాని ఇచ్చిన బిస్కెట్లు ఎవరికీ పెట్టకుండా కుర్చీ వెనకాల దాక్కుని తింటున్నావు. అదీ రాయి."